దసరా సేల్‌లో గేమింగ్‌కి మినీ పీసీ కొంటున్నారా?

భీమవరం, అమలాపురం కుర్రాళ్లూ, డబ్బు కట్టేముందు ఇవి చూసుకోండి.

గ్రాఫిక్స్: చాలావాటిలో విడి కార్డు ఉండదు, తర్వాత పెట్టుకునే స్లాటూ ఉండదు. ప్రాసెసర్‌లోనే కలిసొచ్చే రేడియాన్ 780ఎమ్ గ్రాఫిక్స్ ఉంటే వాలరెంట్ హాయిగా ఆడొచ్చు. కొత్త పెద్ద గేములకి మాత్రం సెట్టింగ్స్ బాగా తగ్గించుకోవాల్సిందే. ఆక్యులింక్ పోర్టుంటే రేపు బయటి కార్డు తగిలించుకునే దారైనా మిగులుతుంది. అదీ ఖర్చే అనుకోండి.

ర్యామ్: ఒక్క 16 జీబీ స్టిక్ కంటే రెండు 8లు మేలు. గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది, ఒకే స్టిక్కయితే ఫ్రేములు పడిపోయి ఆట ఆగి ఆగి నడుస్తుంది.

యూపీఎస్ లెక్కలో వేసుకోండి. లోపల బ్యాటరీ ఉండదు. గాలివానకి కరెంటు పోతే సేవ్ చేయని ఆటంతా గోవిందా.

టీవీ వెనక ఇరికించొద్దు. మన ఉక్కపోతలో వేడి బయటికి పోక స్పీడు తగ్గిపోతుంది.