సైబీరియా పటాన్ని కొలతలతో గీయడం

సైబీరియా భూగోళం చదివితే నిలవదు, చేత్తో గీస్తే నిలుస్తుంది. ఫోనులోని పటం చూసి మాత్రం గీయకండి. అవి ఎక్కువగా మెర్కేటర్ పద్ధతివి, అంటే రేఖాంశాలను సమాంతరంగా గీసినవి. భూమధ్యరేఖతో పోలిస్తే 60 డిగ్రీల అక్షాంశం దగ్గర వైశాల్యం నాలుగింతలు సాగిపోతుంది. ఉరల్ కొండల నుంచి పసిఫిక్ దాకా సైబీరియా సుమారు 1.31 కోట్ల చదరపు కిలోమీటర్లు. అదే భారతదేశానికి దాదాపు నాలుగు రెట్లు, ఇంకా సాగదీయక్కర్లేదు.

ఎ4 కాగితం అడ్డంగా పెట్టి, కింది అంచుకు 5 సెం.మీ. పైన 50 డిగ్రీల గీత గీయండి. దానిపైన 3 సెం.మీ.కి ఒకటిగా 60, 70 గీతలు. అంటే డిగ్రీకి 3 మి.మీ. మధ్యలో నిట్టనిలువుగా 120 డిగ్రీల తూర్పు రేఖాంశం. దానికి అటూ ఇటూ ఆరేసి చుక్కలు పెట్టాలి: 50 గీత మీద 1.9 సెం.మీ.కి ఒకటి, 60 మీద 1.5కి, 70 మీద 1కి. చుక్కల్ని పైకి కలిపితే పది డిగ్రీలకో రేఖాంశం వస్తుంది. ఎడమ చివరిది 60 (ఉరల్), కుడి చివరిది 180. రేఖాంశాలను సమాంతరంగా గీశారో, ఉత్తర తీరం దాదాపు రెట్టింపు వెడల్పయిపోతుంది.

తీరం తర్వాత గీయొచ్చు, ముందు నదులు. అక్షాంశం, రేఖాంశం చూసి చుక్కలు పెట్టి కలపండి.

ఓబ్: నోవోసిబిర్స్క్ (55, 83), ఇర్తిష్ కలిసే చోటు (61, 69), సలేఖార్డ్ (66.5, 66.5).
యెనిసెయి: క్రస్నోయార్స్క్ (56, 93), దుదింకా (69.5, 86).
లేనా: పుట్టుక (54, 108), లెన్స్క్ (60.7, 115), యాకుత్స్క్ (62, 130), డెల్టా (72.5, 127).

ఎక్కువమంది తప్పుచేసేది బైకాల్ దగ్గర. సరస్సు పొడవు 636 కి.మీ., మన కొలతలో 1.7 సెం.మీ. లేనా దాని పడమటి గట్టు పక్కనే పుడుతుంది గానీ ఆ సరస్సు నీళ్లు తీసుకోదు. బైకాల్ నుంచి బయటికొచ్చే ఒకే నది అంగారా, అది యెనిసెయిలో కలుస్తుంది.

మూడు నదులకూ ఉత్తరంవైపు బాణం గుర్తు పెట్టండి, వరదల కారణం అందులోనే ఉంది. వసంతంలో ఎగువన, అంటే దక్షిణాన, మంచు ముందు కరుగుతుంది. దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. కొట్టుకొచ్చిన మంచు పలకలు అక్కడ ఆనకట్టలా పేరుకుని నీటిని ఆపేస్తాయి. 2001లో లెన్స్క్ ఊరు మునిగింది ఇలాగే.

వెర్ఖోయాన్స్క్‌కూ (67.5, 133) ఓ చుక్క పెట్టండి. అక్కడ 1892లో మైనస్ 67.8 డిగ్రీలు, 2020 జూన్‌లో 38 డిగ్రీల సెల్సియస్ నమోదయ్యాయి. సముద్రానికి దూరంగా ఉండటమే ఇంత తేడాకు ప్రధాన కారణం.

చివరగా ట్రాన్స్-సైబీరియన్ రైలుమార్గం: ఓమ్స్క్ (55, 73), నోవోసిబిర్స్క్, క్రస్నోయార్స్క్, ఇర్కుత్స్క్ (52, 104), ఖబరోవ్స్క్ (48.5, 135), వ్లదివోస్తోక్ (43, 132). ఈ గీత ఎక్కడైనా 60 దాటితే చుక్క తప్పుపడినట్టే. జనాభాలో ఎక్కువమంది ఈ దక్షిణపు పట్టీ చుట్టుపక్కలే ఉంటారు.