డిష్‌వాషర్ సెన్సార్ లోపం: నా అనుభవం

అమలాపురంలోని మా ఇంట్లో డిష్‌వాషర్ నీళ్లు వేడెక్కకముందే ఆగిపోయి, ఉష్ణోగ్రత సెన్సార్ లోపపు కోడ్ చూపసాగింది. సెన్సార్ మార్చాల్సిందేనని మెకానిక్ ఫోనులో అన్నా, కొలిచి చూడకుండా కొనడం నాకు సమ్మతం కాలేదు.

ప్లగ్ తీసి, కింది పలక విప్పి, సెన్సార్‌ను వైర్ల నుంచి వేరుచేసి మల్టీమీటరుతో కొలిచాను. వేడి పెరిగేకొద్దీ ఈ సెన్సార్ విద్యుత్ నిరోధం తగ్గాలి. 30 డిగ్రీల గదిలో 8 కిలో ఓములు చూపినది, 60 డిగ్రీల నీళ్ల గ్లాసులో ముంచగానే నిలకడగా దిగుతూ 3 దగ్గర నిలిచింది. అంటే సెన్సార్ బాగానే ఉంది.

కనెక్టర్‌ను టార్చి వెలుగులో చూస్తే ఒక పిన్ను చుట్టూ పచ్చటి చిలుము. కోనసీమ తేమకు ఇత్తడి ఇట్టే చిలుమెక్కుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తని బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరాక గట్టిగా బిగించాను. ఆ రాత్రి చేపల పులుసు గిన్నెలు వేడినీళ్లలోనే శుభ్రపడ్డాయి.