దర్శనాలు చదవడం నేర్చుకుందాం – 3వ భాగం: ఈ దృశ్యం ముందు ఎక్కడ చూశాం?

పోయిన భాగంలో ఇచ్చిన పని చేశారా? బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో యోహాను తానే "ఇది ఫలానా" అని విప్పి చెప్పిన చోట్లన్నీ వెతికి గీత గీయమన్నాను. 1:20లో ఏడు నక్షత్రాలు ఏడు సంఘాల దూతలు, ఏడు దీపస్తంభాలు ఏడు సంఘాలు. 5:8లో ధూపద్రవ్యాలు పరిశుద్ధుల ప్రార్థనలు. 12:9లో ఘటసర్పం సాతాను. 17వ అధ్యాయంలో అయితే వరసపెట్టి ఉంటాయి, ఏడు తలలంటే ఏడు కొండలు, జలాలంటే జనాలు, ఆ స్త్రీ అంటే మహా పట్టణం. 19:8లో సన్నపు నారబట్టలు పరిశుద్ధుల నీతిక్రియలు. వీటిలో సగం దొరికినా మీరు బాగానే చదువుతున్నట్టు.

చిక్కల్లా మిగతాదానితోనే. గ్రంథంలో ఎక్కువ భాగానికి ఇలాంటి వివరణ లేదు. ఇరవై నలుగురు పెద్దలు ఎవరో చెప్పలేదు, గాజు సముద్రం ఎందుకుందో చెప్పలేదు, ఒళ్ళంతా కళ్ళున్న నాలుగు జీవుల సంగతి సరే సరి. ఇక్కడికొచ్చేసరికి చాలామంది బైబిలు పక్కన పెట్టి వార్తలు చూడటం మొదలుపెడతారు, ఫలానా దేశం ఈ మృగం, ఫలానా నాయకుడు ఆ కొమ్ము అని. మనం ముందు వెనక్కి వెళ్దాం, పాత నిబంధనలోకి.

యోహాను "అని వ్రాయబడియున్నది" అంటూ పాత నిబంధన వచనాన్ని ఒక్కసారి కూడా ఎత్తి చెప్పడు. అయినా యెహెజ్కేలు, దానియేలు, యెషయా, జెకర్యా, కీర్తనలు, నిర్గమకాండం తగలని పేజీ దాదాపు ఉండదు. సంఘంలో ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు వినేవాళ్ళని 1:3 బట్టే తెలుస్తుంది, ఆ వినేవాళ్ళలో లేఖనాలు తెలిసినవాళ్ళకి ఈ దృశ్యాలు విన్న వెంటనే తగిలి ఉంటాయి. మనకలా తగలవు కాబట్టి వెతుక్కోవాలి. మీ బైబిల్లో రిఫరెన్సులు ఉంటే అవే చాలు, వేరే పుస్తకాలు ఇప్పుడే కొనక్కర్లేదు.

పద్ధతి చెప్పడానికి తేలిక, చేయడానికి ఓపిక కావాలి. దర్శనంలో ఒక దృశ్యం రాగానే ఇది ఇంతకుముందు ఎక్కడ ఉందో చూడండి. తర్వాత, అక్కడున్నది ఉన్నట్టే ఇక్కడ ఏది ఉందో రాసుకోండి. ఆ తర్వాత యోహాను దేన్ని మార్చాడో చూడండి. ఈ మూడోదే ప్రాణం. ప్రవక్త పాత దృశ్యాన్ని తీసుకుని దానిలో ఒకటి మార్చాడంటే, చెప్పదలుచుకున్నది చాలాసార్లు ఆ మార్పులోనే ఉంటుంది.

చేసి చూద్దాం. నోట్‌బుక్‌లో ఒక పేజీని మూడు నిలువు భాగాలు చేసి మొదటిదాని పైన ప్రకటన 4 అని, రెండోదాని పైన యెహెజ్కేలు 1 అని, మూడోదాని పైన యెషయా 6 అని రాయండి. యెషయా చూసింది ఉజ్జియా రాజు చనిపోయిన ఏట, దేవాలయంలో. యెహెజ్కేలు చూసింది యూదా రాజు యెహోయాకీను చెరలోకి వెళ్ళిన ఐదో ఏట, అంటే సుమారు క్రీ.పూ. 593లో, బబులోను దేశంలో కెబారు నది దగ్గర. యోహాను చూసింది పత్మాసు ద్వీపంలో, డొమిషియన్ చక్రవర్తి పాలన చివర్లో అని తొలి సంఘ నాయకుడు ఇరేనియస్ రాశాడు, నీరో కాలం నాటిదనే పండితులూ ఉన్నారు.

ఇప్పుడు జీవుల దగ్గరికి రండి. యెహెజ్కేలులో నాలుగు జీవులు, ఒక్కో జీవికి నాలుగేసి ముఖాలు: మనిషి, సింహం, ఎద్దు, పక్షిరాజు. యోహానులో కూడా నాలుగు జీవులే, ముఖాలూ ఆ నాలుగే, కాకపోతే ఒక్కో జీవికి ఒక్కో రూపం పంచినట్టు ఉంటుంది. రెక్కలు యెహెజ్కేలులో నాలుగేసి, యోహానులో ఆరేసి. ఆ ఆరు ఎక్కడివి? యెషయా సింహాసనం దగ్గర చూసిన సెరాపులనే దూతలవి. వాళ్ళు పాడే "పరిశుద్ధుడు పరిశుద్ధుడు పరిశుద్ధుడు" కూడా యెషయాలోదే. అంటే యోహాను రెండు దర్శనాలని ఒకదానిలో ఒకటి కలిపేశాడు. సింహాసనం చుట్టూ ఇంద్రధనుస్సు యెహెజ్కేలు 1:28 నుంచి, గాజు సముద్రం అదే అధ్యాయంలో జీవుల తలలపైన స్ఫటికంలా మెరిసే విశాలం నుంచి. (సొలొమోను మందిరంలో పోత సముద్రం అని పిలిచిన పెద్ద నీటి తొట్టి కూడా గుర్తొస్తే రాసుకోండి, తప్పేం లేదు.)

మూడో పని. ఏం మారింది? చక్రాలు లేవు! యెహెజ్కేలులో చక్రంలో చక్రం, అంచులనిండా కళ్ళు, ఆ సింహాసనం ఎటైనా కదులుతుంది. యోహానులో కళ్ళు జీవుల ఒంటిమీద ఉన్నాయి గాని చక్రాల ఊసే లేదు. (యెహెజ్కేలు 10:12 చదివినవాళ్ళు అక్కడ కూడా ఒంటిమీద కళ్ళున్నాయి కదా అంటారు, నిజమే, అది కూడా మూడు నిలువుల్లో రెండోదాంట్లో చేర్చండి.) ఎందుకు లేవో నాకు అర్థమైనంత వరకు చెప్తాను. యెహెజ్కేలు చెరలో ఉన్నాడు, యెరూషలేము దూరం, దేవుడు అక్కడే ఉండిపోయాడేమోనని భయం, అందుకని సింహాసనమే చక్రాల మీద బబులోనుకి వచ్చింది. యోహానుకి తలుపు తెరుచుకుని "ఇక్కడికి ఎక్కి రా" అన్న పిలుపు వచ్చింది, సింహాసనం ఉన్న చోటే ఉంది, కింద భూమ్మీద రోము సింహాసనం ఎంత ఊగినా. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోయినా పర్వాలేదు, కానీ వాదన చేస్తే ఇలాగే, రెండు అధ్యాయాలూ ముందు పెట్టుకుని చేయాలి.

పాటలో కూడా మార్పుంది. యెషయాలో "సర్వలోకము ఆయన మహిమతో నిండియున్నది" అన్నచోట యోహానులో ఆయన ఉండినవాడు, ఉన్నవాడు, రాబోవువాడు. లోకమంతా మహిమతో నిండి ఉందనే మాట కన్నా ఆయన వస్తున్నాడనే మాట ఆ ఏడు సంఘాలకి ఎక్కువ కావాలి.

ఈ జీవుల గురించి మీరు వినే మరో మాట, నాలుగు సువార్తలకి ఇవి గుర్తులని. 2వ శతాబ్దంలోనే ఇరేనియస్ అలా చెప్పాడు, అయితే ఆయన లెక్కలో సింహం యోహాను, పక్షిరాజు మార్కు. తర్వాత బైబిలుని లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్ చెప్పిన వరసే ఎక్కువగా నిలిచింది, సింహం మార్కు, పక్షిరాజు యోహాను. చర్చి అద్దాల మీదా శిల్పాల మీదా చూసేది అదే. చక్కటి ఆలోచన, ధ్యానానికి పనికొస్తుంది, కానీ ఇద్దరు పెద్దలు రెండు వరసలు చెప్పగలిగారంటేనే వాక్యభాగం ఆ మాట చెప్పట్లేదని అర్థం. నోట్‌బుక్‌లో ఇలాంటివాటికి పేజీ చివర వేరే చోటు పెట్టుకోండి. ఇరవై నలుగురు పెద్దల దగ్గర కూడా ఇంతే: 1 దినవృత్తాంతములు 24లో యాజకుల తరగతులు ఇరవై నాలుగు, లేదా ప్రకటన 21వ అధ్యాయంలో కొత్త యెరూషలేము గుమ్మాల మీద పన్నెండు గోత్రాల పేర్లు, పునాదుల మీద పన్నెండుమంది అపొస్తలుల పేర్లు, రెండూ కలిపితే ఇరవై నాలుగు. రెండిటికీ ఆధారం ఉంది, రెండూ రాసుకుని ముందుకి పోండి.

ఇప్పుడు కొంచెం కష్టమైనది. ప్రకటన 13, సముద్రంలో నుంచి పైకొచ్చే మృగం. దానియేలు 7 తెరిచి పక్కన పెట్టండి. అక్కడ సముద్రంలో నుంచి నాలుగు మృగాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి: సింహంలాంటిది, ఎలుగుబంటిలాంటిది, చిరుతపులిలాంటిది, ఆ తర్వాత ఇనుప పళ్ళతో పది కొమ్ములతో పేరు పెట్టలేనిది. యోహాను మృగాన్ని చూడండి, చిరుతపులిని పోలి ఉంది, పాదాలు ఎలుగుబంటివి, నోరు సింహానిది. అవే జంతువులు, వెనక నుంచి ముందుకి! దానియేలు కాలంలో ముందుకి చూస్తూ చెప్పాడు, యోహాను ఈ చివర నిలబడి వెనక్కి చూస్తున్నాడు అనిపిస్తుంది. కొమ్ములు పది, అవి దానియేలు నాలుగో మృగానివి. తలలు ఏడు, అవెక్కడివి? దానియేలులో చిరుతపులికి నాలుగు తలలు, మిగతా మూడిటికి ఒక్కొక్కటి. కూడండి.

మార్పు ఏమిటో ఇప్పుడు మీరే చెప్పగలరు. నాలుగు రాజ్యాలు ఒకే ఒంట్లో ఇమిడిపోయాయి. దానియేలు 7:17లో ఆ మృగాలు రాజులని దూతే చెప్పాడు, ప్రకటన 17:9లో ఆ తలలు ఏడు కొండలని యోహానుకి వివరణ దొరికింది, కాబట్టి మొదటి పాఠకులకి ఏడు కొండల మీద ఉన్న రోము గుర్తుకు రాకుండా ఉండటం కష్టం. కానీ రోముతోనే ఆగలేదు, ఒంట్లో పాత సామ్రాజ్యాలన్నీ ఉన్నాయి.

ఇక్కడ నుంచి క్రైస్తవులు నాలుగు దారులు పడతారు. ఇది మొదటి శతాబ్దపు రోమే, దాదాపు అంతా అప్పుడే నెరవేరింది అనేవాళ్ళు ఒకరు. సంఘ చరిత్ర పొడుగునా మెట్టు మెట్టుగా నెరవేరుతోంది అనేవాళ్ళు ఇంకొకరు, సంస్కరణ కాలంలో చాలామంది ప్రొటెస్టెంట్లు ఈ మృగంలో పోపు వ్యవస్థని చూసింది ఆ దారిలోనే. ఇదంతా చివరి కాలంలో రాబోయే క్రీస్తు విరోధి గురించి అనేవాళ్ళు మూడోవారు, 1830ల నుంచి జాన్ నెల్సన్ డార్బీ బోధ ద్వారా, 1909లో వివరణలతో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు ద్వారా మనలో చాలామందికి చిన్నప్పటినుంచి అలవాటైనది ఇదే. ఏ కాలంలో లేచే దుర్మార్గపు అధికారానికైనా ఇది ముఖచిత్రం అనేవాళ్ళు నాలుగోవారు. నన్నడిగితే మొదటిదీ నాలుగోదీ కలిస్తే ఈ అధ్యాయానికి బాగా సరిపోతాయి, అయినా మూడో దారి వాళ్ళతో గొడవ పెట్టుకోవడానికి ఈ పాఠం రాయట్లేదు. మీరు ఏ దారిలో ఉన్నా ఈ పేజీ మీకు పనికొస్తుంది. దానియేలు 7ని దాటేసి 13వ అధ్యాయానికి అర్థం చెప్పే ఏ వ్యాఖ్యానాన్నైనా అనుమానించండి, అది ఎంత టెన్షన్ పెట్టే భాషలో ఉన్నా.

వెనక్కి చూసినంత మాత్రాన తప్పు జరగదని కాదు. అమెరికా బోధకుడు విలియం మిల్లర్ దానియేలు బాగా చదివినవాడే. 8:14లోని 2300 దినాలని సంవత్సరాలుగా తీసుకుని, క్రీ.పూ. 457 నుంచి లెక్కపెట్టి 1843-44లో క్రీస్తు తిరిగి వస్తాడన్నాడు, తర్వాత ఆయన అనుచరులు 1844 అక్టోబర్ 22 అని ఖాయం చేశారు, ఆ రోజు వచ్చింది, పోయింది. దినమంటే ఏడాది అని ఆ అధ్యాయం చెప్పలేదు, అది బయటినుంచి తెచ్చిన తాళంచెవి. కాబట్టి ఒక నియమం రాసుకోండి: పాత వాక్యభాగం నుంచి దృశ్యాన్ని తెచ్చుకోండి, క్యాలెండర్ మాత్రం వద్దు.

ఈసారి పని. ప్రకటన 22:1-2 ఒక నిలువులో, యెహెజ్కేలు 47:1-12 రెండోదాంట్లో, ఆదికాండము 2:8-14 మూడోదాంట్లో. ముందు కలిసేవి రాయండి, అవి సులభంగానే దొరుకుతాయి. తర్వాత మూడు ప్రశ్నలు: నది ఎక్కడ పుడుతోంది? (ప్రకటన 21:22 చదవకుండా జవాబు రాయకండి.) చెట్టు ఆకులు ఎవరి స్వస్థత కోసం, యెహెజ్కేలులో ఆ మాట ఉందా? యెహెజ్కేలులో నది వెళ్ళి ఒక సముద్రంలో పడి దాని నీళ్ళని బాగుచేస్తుంది, మరి యోహాను నదికి అలాంటి సముద్రం ఎందుకు లేదు? దీనికి ప్రకటన 21:1 చూస్తే సగం జవాబు దొరుకుతుంది, మిగతా సగానికి 13:1 మళ్ళీ చదవండి. 4వ భాగం ఈ జవాబుల దగ్గరే మొదలుపెట్టి, యోహాను సింహం అని విని గొఱ్ఱెపిల్లని చూసిన 5వ అధ్యాయంలోకి వెళ్తాం.