కాన్పు సంచి ఎలా సర్దాలి? ఏది ఎప్పుడు అడుగుతారో ఆ వరసలో

కాన్పు సంచిని సర్దేది గర్భిణి. తెరిచేది మాత్రం ఆమె కాదు. ఆమె లేబర్ రూమ్‌లో ఉంటే, బయట వరండాలో అమ్మో అత్తో ఆ సంచిని ముందేసుకుని కూర్చుంటారు. లోపలినుంచి నర్సు వచ్చి ‘బిడ్డ బట్టలు యాడున్నాయి, తొందరగా ఇయ్యండి’ అన్నప్పుడు, అడుగున పడిన చిన్న టోపీ కోసం నైటీలన్నీ నేలమీద గుమ్మరిస్తారు. అందుకే బట్టలొక చోట, సబ్బులొక చోట అని కాకుండా, ఏది ఎప్పుడు అడుగుతారో ఆ వరసలో సర్దాలి.

ఎప్పటికల్లా సర్దాలి?

34వ వారంలో మొదలుపెట్టి 36 నిండేసరికి ముగించండి. కడుపులో కవలలున్నా, బీపీ ఉన్నా, ముందు కాన్పు నెలలు నిండకుండా అయినా 32కే సిద్ధంగా ఉండాలి. దగ్గర్లోని ఆసుపత్రికే కదా, కావాలంటే ఇంటికి పోయి తెచ్చుకుందాం అనుకోవద్దు. అంతా బాగుందన్న కాన్పులోనే బీపీ పెరిగినా, బిడ్డ గుండె వేగం తగ్గినా అర్ధరాత్రి పెద్దాసుపత్రికి రాసి పంపుతారు. ఆదోని నుంచి కర్నూలుకు, రాయదుర్గం నుంచి అనంతపురానికి దాదాపు 100 కిలోమీటర్లు. 108 ఎక్కేటప్పుడు చేతిలో ఉన్నదే సంచి.

మొదటి అడుగు: కాగితాల ఫైలు

ఇది సంచి లోపల కాదు, పైన ఉండాలి. జిప్పున్న ప్లాస్టిక్ ఫైలులో తల్లీబిడ్డల సంరక్షణ కార్డు, అన్ని స్కానింగులు, రక్తపరీక్షల రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ పెట్టండి. భార్యాభర్తల ఆధార్, రేషన్ కార్డు, తల్లి బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ నాలుగేసి జిరాక్సులు చాలు. ఆసుపత్రిలో కాన్పైతే ప్రభుత్వమిచ్చే జననీ సురక్ష యోజన డబ్బు తల్లి ఖాతాలోనే పడుతుంది కాబట్టి భర్త పాస్‌బుక్ తెస్తే పని జరగదు.

తొలి కాన్పు పుట్టింట్లో అయ్యే మన వైపు ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. ఏడో నెలలో మనిషి పుట్టింటికి వస్తుంది, పాత రిపోర్టులు అత్తగారింటి బీరువాలో ఉండిపోతాయి. నొప్పులొచ్చాక ఫోన్లో ఫొటోలు పంపించుకుంటూ కూర్చోవాలి. వచ్చేరోజే అన్నీ తెచ్చుకోండి.

ఫైలు అట్టమీద పెద్ద అక్షరాలతో రక్తం గ్రూపు, పడని మందు ఉంటే దాని పేరు రాయండి. తల్లిది నెగటివ్ గ్రూపైతే అది మరీ ముఖ్యం. బిడ్డది పాజిటివ్ అని తేలితే 72 గంటల్లోగా ఆమెకు యాంటీ-డి ఇంజెక్షన్ వేయాలి. రక్తం ఇవ్వగల ఇద్దరి నంబర్లు, ఆశా కార్యకర్త నంబరు, బండి నంబరు కూడా అక్కడే ఉండాలి. ఫోన్లో ఉన్నాయంటే లాభం లేదు, ఆ ఫోన్ లాక్ తీయడం మీకొక్కరికే తెలుసు.

రెండో అడుగు: లేబర్ రూమ్ కవరు

చిన్నదే. ముందు గుండీలున్న నైటీ ఒకటి, లంగా ఒకటి, రబ్బరు చెప్పులు, జుట్టుకు రబ్బరు బ్యాండ్లు, తువ్వాలు, నీళ్ల సీసా, స్ట్రా. అద్దాలు వాడేవారైతే వాటి డబ్బా.

నగలు ఇంట్లోనే తీసేయాలి. ఆపరేషన్‌లో రక్తం కారకుండా కరెంటు పరికరం వాడతారు, ఒంటిమీద లోహం ఉండనివ్వరు. కాళ్లు వాచాక మెట్టెలు ఊడిరావు. ఎనిమిదో నెలలోనే సబ్బు నురగ రాసి తీసేస్తే మేలు. తాళి తీయడానికి మనసొప్పకపోతే పసుపు దారానికి పసుపుకొమ్ము కట్టుకోండి. సీమంతం గాజులు, గోళ్ల రంగు కూడా వద్దు. రంగుంటే వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు లెక్క తప్పవచ్చు.

మూడో అడుగు: బిడ్డ మొదటి కవరు

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త ఇక్కడే. లోపలున్నవి కనబడే కవరులో ఐదే వస్తువులు: మెత్తటి నూలు గుడ్డలు రెండు (ఒకటి తుడవడానికి, ఒకటి చుట్టడానికి), టోపీ, ముడి చొక్కా, సాక్సులు, లంగోటా. కవరు మీద తల్లి పేరు రాయండి. బిడ్డ తడిగా పుడుతుంది, ఒంటి వేడి తలనుంచి త్వరగా పోతుంది. బయట కర్నూలు ఎండ 42 డిగ్రీలున్నా ఆపరేషన్ థియేటర్‌లో ఏసీ ఉంటుంది కాబట్టి మండువేసవిలోనూ టోపీ కావాలి.

గుడ్డలకు అవ్వ పాత నూలు చీరను మించింది లేదు. మీటరు చదరం ముక్కలు ఆరు కత్తిరించి, ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేయండి. అయితే పెట్టెలో కలరా ఉండలు వేసి దాచిన చీరను అలాగే వాడొద్దు. జి6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకు ఆ ఉండల ఆవిరి తగిలితే రక్తకణాలు చిట్లి, పచ్చకామెర్లు తీవ్రమవుతాయి. ఆ లోపం ఉందో లేదో పుట్టకముందు తెలియదు. పెట్టె వాసన కొట్టే గుడ్డను పక్కన పడేయడమే.

నాలుగో అడుగు: వార్డు సంచి

మామూలు కాన్పుకు కనీసం రెండు రోజులు, ఆపరేషనైతే నాలుగైదు రోజులు ఉండాల్సి వస్తుంది. బాలింతకు నైటీలు నాలుగు, పెద్ద సైజు ప్యాడ్లు రెండు ప్యాకెట్లు, ముదురు రంగు లోదుస్తులు ఆరు. ఆపరేషన్ కుట్టు బొడ్డుకు బాగా కింద ఉంటుంది. నడుం పట్టీ దాని మీదే వచ్చే లోదుస్తులైతే ఒరుసుకుంటాయి, బొడ్డుపైదాకా వచ్చేవి కొనండి.

బిడ్డకు ముడి చొక్కాలు ఆరు, లంగోటాలు డజను, డైపర్లు చిన్న ప్యాకెట్ ఒకటే. మొదటి రెండు రోజులు మలం నల్లగా, తారులా అంటుకుంటుంది. దాన్ని తుడవడానికి సువాసన వేసిన తడి వైప్స్ కన్నా గోరువెచ్చటి నీళ్లు, దూది మేలు. పౌడర్, కాటుక అక్కర్లేదు, బొడ్డుకు ఏదీ రాయకూడదు.

బిడ్డకు ఎన్ని గుడ్డలు చుట్టాలో చేత్తో తెలుస్తుంది. పొట్ట, పాదాలు రెండూ వెచ్చగా ఉంటే సరి. పాదాలు చల్లబడితే ఇంకో పొర వేయాలి, లేదా తల్లి ఎద మీద నేరుగా పడుకోబెట్టాలి. మేలో ఒళ్లంతా వేడెక్కి ఎర్రబడితే ఒక పొర తీసేయండి.

ఐదో అడుగు: తోడుండే మనిషి సంచి

దీన్ని అందరూ మరిచిపోతారు. పక్కనుండే ఆమెకు రెండు చీరలు, బొంత, చాప, ఫ్లాస్కు, రెండు స్టీలు గ్లాసులు, చెంచా, చిన్న బకెట్, మగ్గు కావాలి. పొడవు తీగ చార్జరు, చిల్లరగా కొంత నగదు తప్పనిసరి. మగవాళ్లను చాలాచోట్ల వార్డులోకి రానివ్వరు కాబట్టి చార్జరు, డబ్బు ఆమె దగ్గరే ఉండాలి.

సంచిలో పెట్టకూడనివి

పాలపొడి డబ్బా, పాలసీసా, తేనె, ఆముదం. సంచిలో ఉంటే రాత్రి రెండింటికి బిడ్డ ఏడ్చినప్పుడు ఎవరో ఒకరు కలిపి పోస్తారు. మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టాలి. అవి కొన్ని చుక్కలే వచ్చినా ఆ చిన్న కడుపుకు చాలు. ఏడాది లోపు తేనె ప్రమాదం. డాక్టరు చెబితే పాలపొడి అప్పుడే కొనుక్కోవచ్చు.

ఆఖరి అడుగు: ఆసుపత్రికి, తిరిగి ఇంటికి బయలుదేరేటప్పుడు

ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో కళ్లు మసకబారినా సంచి కోసం ఆగకుండా ఆసుపత్రికి బయలుదేరండి. తెచ్చేవాళ్లు వెనక తెస్తారు. అందుకే సంచి ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి చూపించి, ఒకసారి వాళ్లచేతే విప్పించి సర్దించండి.

తిరుగు ప్రయాణానికి ప్రభుత్వ ఆసుపత్రిలో 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉచితం. బండి ఎక్కే ముందు డిశ్చార్జి కాగితం ఫైలులో పెట్టండి. కార్డులో బీసీజీ, పోలియో, హెపటైటిస్-బి టీకాలు రాశారో లేదో చూడండి. జనన నమోదుకు ఇచ్చిన తల్లిదండ్రుల పేర్ల అక్షరాలు ఆధార్‌తో సరిపోయాయో ఒక్కోటీ చదవండి. నమోదుకు గడువు 21 రోజులు, తర్వాతి టీకాలు ఆరు వారాలకు.