బిల్డ్‌లో సీక్రెట్ అందుతున్నదో లేదో పరీక్షించే ముందు

కోడ్‌ను దానంతట అదే బిల్డ్ చేసి పరీక్షించే గిట్‌హబ్ యాక్షన్స్‌లో కొత్త వర్క్‌ఫ్లో (చేయాల్సిన పనుల వరుస) రాసినప్పుడు, సీక్రెట్‌గా దాచిన డేటాబేస్ పాస్‌వర్డో ఏపీఐ కీయో బిల్డ్‌కు అందుతున్నదో లేదో తేల్చుకోవడానికి చాలామంది దాన్ని లాగ్‌లో ప్రింట్ చేసి చూస్తారు. ఈ పరీక్షకు విలువ కంటికి కనబడనక్కరలేదు. అది వచ్చిందా, పనిచేస్తున్నదా అన్నవి తెలిస్తే చాలు.

లాగ్‌లో సీక్రెట్‌ను మూడు నక్షత్రాలతో కప్పే ఏర్పాటు గిట్‌హబ్‌లో ఉన్నమాట నిజమే. అయితే దాన్ని పూర్తిగా నమ్ముకోరాదు. దాచిన అక్షరాల వరుస ఉన్నదున్నట్టుగా ఎదురైతేనే చాలావరకు అది పట్టుకుంటుంది. అదే విలువను తిరగేసినా, అక్షరాల మధ్య ఖాళీలు పెట్టినా దాని కన్నుగప్పి బయటపడుతుంది. అనేక విలువలున్న ఒక జేసన్ (డేటా రాసే ఒక ఫార్మాట్) మొత్తాన్ని ఒకే సీక్రెట్‌గా దాచి, అందులోంచి పాస్‌వర్డును మాత్రం విడదీసి వాడేవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అటువంటివి విడివిడిగా దాచుకోవాలి. అలా కుదరకపోతే విడదీసిన వెంటనే, లాగ్‌లో కప్పమని చెప్పే యాడ్-మాస్క్ ఆదేశంతో నమోదు చేయాలి. సొంత స్క్రిప్టుతో వాల్ట్ (సీక్రెట్లను దాచే వేరే చోటు) నుంచి తెచ్చుకునే విలువలకూ ఇదే పద్ధతి.

2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వారి చేంజ్డ్-ఫైల్స్ అనే యాక్షన్ (వర్క్‌ఫ్లోలో పిలిచి వాడుకునే రెడీమేడ్ కోడ్)లోకి చొరబడినవారు, రన్నర్ (బిల్డ్ నడిపే యంత్రం) మెమరీలోని సీక్రెట్లను బేస్64 అనే ఎన్‌కోడింగ్‌లోకి రెండుసార్లు మార్చి లాగ్‌లోకి వదిలారు. పబ్లిక్ రిపోజిటరీల (అందరికీ తెరిచిన కోడ్ నిల్వల) లాగ్‌లు ఎవరైనా చదవగలిగినవే. పాత వెర్షన్ ట్యాగులను కూడా వారు ఆ హానికరమైన కమిట్‌కే (కోడ్ మార్పుకే) మళ్ళించారు కనుక, బయటి యాక్షన్‌ను ట్యాగుతో కాక పూర్తి కమిట్ హ్యాష్‌తో (ఆ ఒక్క కమిట్‌కే చెందిన గుర్తుతో) పిలవడమే క్షేమం.

పరీక్షకు ప్రొడక్షన్ కీ పెట్టకూడదు. చదివే అనుమతి మాత్రమే ఉండి, త్వరగా గడువు తీరే వేరే కీ తీసుకోవాలి. సీక్రెట్ పేరులో ఒక్క అక్షరం తప్పినా గిట్‌హబ్ ఎర్రర్ చూపదు, ఖాళీ విలువ ఇచ్చి ఊరుకుంటుంది. అందుచేత మొదటి స్టెప్‌లోనే విలువ ఖాళీగా ఉందేమో చూసి, ఉంటే బిల్డ్‌ను ఆపివేయాలి. ఆపైన ఆ కీతో నిజంగా ఒకసారి లాగిన్ అయి, జవాబును పారవేసి, ఎగ్జిట్ కోడ్ (ఆదేశం నెగ్గిందో లేదో చెప్పే అంకె) మాత్రం చూడాలి. ఆ సమయంలో షెల్ ట్రేసింగ్ (నడిచే ప్రతి ఆదేశాన్నీ లాగ్‌లో చూపే ఏర్పాటు) ఆపి ఉంచాలి.

ఫోర్క్ (ఇతరులు తీసుకున్న మన రిపోజిటరీ నకలు) నుంచి వచ్చిన పుల్ రిక్వెస్టులో (మార్పులు కలపమనే అభ్యర్థనలో) సీక్రెట్ ఖాళీగా ఉంటే కంగారు పడనక్కరలేదు, అది కావాలని పెట్టిన కట్టడి. దాన్ని దాటడానికి సీక్రెట్లు అందే పుల్-రిక్వెస్ట్-టార్గెట్ ట్రిగ్గర్‌కు మారి, అక్కడే ఆ ఫోర్క్ కోడ్‌ను చెకౌట్ చేసి నడిపితే, ముక్కూమొహం తెలియనివారి కోడ్‌కు మన తాళాలు అప్పగించినట్టే.

ఇంత చేసినా విలువ లాగ్‌లో పడితే, ముందుగా ఆ కీని జారీ చేసిన సర్వీసులోనే రద్దు చేసి, ఆ తరువాతే లాగ్ తొలగించాలి.