సముద్రజీవుల ఒంటిని చదవడం – 3వ పాఠం: సముద్రఫేనం పొరలు

గత పాఠంలో స్క్విడ్ మొప్పలు విప్పి మూడు గుండెలూ గుర్తుపట్టాం. ఈసారి దాని చుట్టమైన కటిల్‌ఫిష్ ఒంట్లోని పెంకు, అంటే సముద్రఫేనం, కోద్దాం. కళింగపట్నం, బారువ, చింతపల్లి ఒడ్డున అలల గీత వెంబడి వెతకండి. దొరక్కపోతే మూలికల కొట్లో సముద్రఫేనం అడగండి.

గట్టిగా ఉన్నది వీపు, గోటికి పొడిగా రాలేది పొట్ట. ఆక్సా బ్లేడుతో నిలువునా, మెల్లగా కోయండి; తొందరపడితే పొరలు చిట్లి ఇక ఏమీ కనబడదు. కోసిన అంచును భూతద్దంతో చూస్తే సన్నని అడ్డుపొరలు, వాటి మధ్య గదులు. వీపు వైపువి పాతవి, పొట్ట వైపువి కొత్తవి.

తోక దగ్గర, పొట్ట వైపు గీతలు పడిన చోటు తడమండి. ప్రాణముండగా అక్కడ అంటుకుని ఉండే కణజాలం గదుల్లోని ద్రవం నుంచి ఉప్పును లాగేస్తుంది. ఉప్పు వెంట నీరు బయటికి పోతుంది, ఖాళీలోకి వాయువు చేరుతుంది, జీవి తేలికవుతుంది. పగలు ఇసుకలో దాక్కున్నప్పుడు బరువుగా, రాత్రి వేటకు లేచేటప్పుడు తేలిగ్గా మారుతుందని డెంటన్, గిల్పిన్-బ్రౌన్ అనే శాస్త్రవేత్తలు 1961లోనే చూపించారు. ఈత కొట్టకుండానే లోతులో నిలబడగలగడం ఎంత శక్తిని మిగులుస్తుందో ఆలోచించండి!

అయితే ఈ నేర్పుకు ఉప్పునీరే ఆధారం. కటిల్‌ఫిష్ రక్తంలో ఉప్పు చుట్టూ ఉన్న సముద్రాన్ని బట్టే ఉంటుంది, సొంతంగా నిలుపుకోలేదు. వంశధార వరదకు మొగ దగ్గర పైనీరు చప్పబడితే దానికి తప్పుకోవడమే దారి.

ఇక చదవడం. పొరలు ఎడంగా ఉంటే పెరుగుదల బాగున్న కాలం. దగ్గరపడితే చలో, ఆకలో. మూడో కారణమూ ఉంది: కార్బన్ డయాక్సైడ్ బాగా ఎక్కించి ఆమ్లత పెంచిన నీటిలో పెంచిన యూరప్ కటిల్‌ఫిష్‌లు సున్నం కట్టడం ఆపలేదు, పొరలు దగ్గరగా వేశాయి. రక్తంలో బైకార్బనేట్ పెంచి ఆమ్లాన్ని అణచుకున్నాయి. కానీ ఆ మోతాదు సుమారు 6,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో 6,000). నేటి గాలిలో ఉన్నది 420 పైచిలుకే. కాబట్టి ఒక్క పెంకు చూసి సముద్రం ఆమ్లమైపోయిందని తేల్చకండి. పొరలు లెక్కపెట్టి వయసూ చెప్పకండి, రోజుకొక పొర పడదు.

అభ్యాసం: ఒకే తీరంలో దొరికిన వేర్వేరు పెంకులు కోసి, ఒక్కో సెంటీమీటరులో ఎన్ని పొరలున్నాయో పాత వైపు, కొత్త వైపు విడివిడిగా రాయండి. దొరికిన చోటు, తేదీ పెంకు మీదే పెన్సిలుతో రాయాలి. వచ్చే పాఠంలో నీలి రక్తం, అందులోని రాగి.