హాట్‌స్పాట్‌తో రోజంతా నెట్ సరిపెట్టుకున్నాను

గుంటూరు బ్రాడీపేటలో మా వీధి తవ్వినప్పుడు ఇంటి నెట్ కేబుల్ తెగింది. బాగయ్యేదాకా ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. రోజుకు 1.5 జీబీ ప్యాక్. లాప్‌టాప్‌కు కలిపి, మెయిల్స్ చూసి, రెండు ఫైళ్లు పంపానో లేదో, పది గంటలకల్లా '50 శాతం వాడేశారు' అని మెసేజ్. మధ్యాహ్నం క్లయింట్‌తో వీడియో కాల్ ఉంది. ఒకటే టెన్షన్.

నేను వాడకుండా ఎవరు తాగేస్తున్నారు? విండోస్ 11 సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, అందులో డేటా యూసేజ్ తెరిచాను. ఏ యాప్ ఎంత లాగిందో వరసగా ఉంది. అన్నిటికన్నా పైన 'సిస్టమ్', అంటే ఎక్కువగా విండోస్ అప్‌డేట్లే. దాని కింద వన్‌డ్రైవ్ (ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచే యాప్): పెళ్లి ఫోటోలన్నీ ఎక్కిస్తోంది!

వైఫైలో నా హాట్‌స్పాట్ ప్రాపర్టీస్‌కు వెళ్లి 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేశాను. అసలు మందు ఇదే. హాట్‌స్పాట్ కూడా మామూలు వైఫైలాగే కనిపిస్తుంది కాబట్టి, ఇది లెక్క చూసి వాడాల్సిన నెట్ అని విండోస్‌కు మనమే చెప్పాలి. చెప్పాక చాలా అప్‌డేట్లు ఆగిపోతాయి, వన్‌డ్రైవ్ కూడా ఆగుతుంది. హాట్‌స్పాట్ పేరు మారిస్తే మళ్లీ ఆన్ చేయాలి. యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే అది ఈథర్నెట్ కింద వస్తుంది, అక్కడ విడిగా పెట్టాలి.

యూట్యూబ్‌ను 360పీకి దించాను. కాల్‌లో అవసరమైనప్పుడే కెమెరా పెట్టాను. ఆ రాత్రి పదికి ఇంకా 400 ఎంబీ మిగిలింది. కానీ వారానికోసారి ఎక్కడైనా మంచి వైఫై దొరికినప్పుడు అప్‌డేట్లు వేసుకోండి, భద్రతకు అవి కావాలి.